పాత కంప్యూటర్ మార్చే ముందు: ఒక పొరపాటు, ఒక లెక్క

2024 వేసవిలో మన సొసైటీ చదువు గదికి రెండు కంప్యూటర్లు కొన్నాము. డబ్బు ఇచ్చింది దాచేపల్లి నుంచి వెళ్లి గుంటూరులో స్థిరపడిన ఒక దాత. ఏది కొనాలో చెప్పింది మేము. బడిలో పని చేస్తున్నాం కదా, ఇలాంటివి మాకు తెలుస్తాయని కమిటీ వారు ఆ బాధ్యత మాకు అప్పగించారు. మాకూ తెలుసనే అనుకున్నాము.

ఆన్‌లైన్‌లో ఒక ప్రకటన కనబడింది. 'ఐ7 గేమింగ్ పీసీ, 16 జీబీ ర్యామ్, 4 జీబీ గ్రాఫిక్స్ కార్డు' అని ఉంది. అద్దాల డబ్బా, లోపల తిరిగే రంగురంగుల లైట్లు, మానిటరుతో కలిపి ఒక్కొక్కటి 27,000 రూపాయలు. ఐ3 కంటే ఐ5 మేలు, ఐ5 కంటే ఐ7 మేలు అన్నంత వరకే మా పరిజ్ఞానం. చవకగా వచ్చాయని సంతోషించి తెప్పించాము. పిల్లలు కూడా లైట్లు చూసి మురిసిపోయారు.

2025 ఏప్రిల్‌లో ఎండలు ముదిరాక వాటిలో ఒకటి టప్‌మని ఆగిపోయింది. మెకానిక్‌ను పిలిపిస్తే డబ్బా విప్పాడు. కరెంటు సరఫరా చేసే ఎస్‌ఎమ్‌పీఎస్ కాలిపోయి, దానితోపాటు మదర్‌బోర్డును కూడా తీసుకుపోయింది. ప్రాసెసర్ మీది పేస్టు తుడిచి, "మాస్టారూ, దీని నంబరు చూశారా?" అని అడిగాడు. ఐ7-2600 అని ఉంది. అది 2011 జనవరిలో మార్కెట్లోకి వచ్చిన ప్రాసెసర్. అంటే ఇప్పుడు మన దగ్గర పదో తరగతి చదువుతున్న పిల్లవాడు పుట్టిన రోజుల నాటిది. బోర్డు మీద ఏ కంపెనీ పేరూ లేదు. ప్రకటనలో అబద్ధం ఒక్కటీ లేదు. అది ఐ7 అన్నమాట నిజమే. చెప్పవలసిన సగం చెప్పలేదు, అంతే. అడగవలసిన సగం మేమూ అడగలేదు.

ఆ సగం ఏమిటో ముందు చెబుతాము. ప్రాసెసర్ పేరులో ఐ3, ఐ5, ఐ7 అనేవి తరగతిలో సెక్షన్ల వంటివి. ఏ తరగతిలో ఆ సెక్షనో తెలియకుండా 'మా వాడు ఏ సెక్షన్' అంటే ఏమి అర్థమవుతుంది? తరగతి ఏదో తెలిపేది గీత తర్వాత వచ్చే నంబరు. డెస్క్‌టాప్ ప్రాసెసర్లలో నాలుగు అంకెలుంటే మొదటి అంకె తరం. 2600 అంటే రెండో తరం, 8100 అంటే ఎనిమిదో తరం. ఐదు అంకెలుంటే మొదటి రెండు అంకెలు తరం. 12100 అంటే పన్నెండో తరం. 2022లో వచ్చిన ఐ3-12100 మన ఐ7-2600ను సునాయాసంగా దాటిపోతుంది, కరెంటు కూడా తక్కువే తింటుంది. మీ ఇంట్లో ఉన్నది ఏ తరమో చూడాలంటే కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మూడు మీటలూ కలిపి నొక్కండి. టాస్క్ మేనేజర్ తెరుచుకుంటుంది. అందులో పర్ఫార్మెన్స్ అన్నచోట సీపీయూ మీద నొక్కితే పేరు పూర్తిగా కనిపిస్తుంది. (ఇంటెల్ ఈమధ్య 'కోర్ అల్ట్రా' అని పేర్లు మార్చింది. మన బడ్జెట్‌లో వచ్చేవి ఎక్కువగా పాత పద్ధతి పేర్లవే.)

తరం గురించి ఇంత చెప్పడానికి మరో కారణం కూడా ఉంది. విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ ఉచిత భద్రతా అప్‌డేట్లు 2025 అక్టోబరు 14తో ఆపేసింది. ఇళ్లలో వాడుకునేవారు నమోదు చేసుకుంటే 2026 అక్టోబరు దాకా గడువు దొరుకుతుంది, ఆ తర్వాత అదీ లేదు. విండోస్ 11 కావాలంటే ఇంటెల్‌లో ఎనిమిదో తరం లేదా ఆ పైది కావాలి. బోర్డులో టీపీఎమ్ 2.0 అనే భద్రతా ఏర్పాటు ఉండాలి. అంటే మేము 2024లో 54,000 రూపాయలు పోసి తెచ్చిన రెండు యంత్రాలూ ఏడాదిన్నరలో కాలం చెల్లబోయేవే.

ఇక '4 జీబీ గ్రాఫిక్స్ కార్డు' సంగతి. అది జీటీ 730 అని 2014లో వచ్చిన కార్డు. మిర్చి దాచే కోల్డ్ స్టోరేజీ ఎంత పెద్దదైతేనేం, లారీ లోపలికి వెళ్లే దారి లేకపోతే? ఆ కార్డులో 4 జీబీ జాగా ఉంది కానీ లోపలికీ బయటికీ సరుకు కదిలే దారి ఇరుకు. ఇప్పటి మంచి ప్రాసెసర్లలో విడిగా కార్డు లేకుండా లోపలే ఉండే గ్రాఫిక్స్ దానికంటే మెరుగ్గా పనిచేస్తున్నాయి.

సరిగ్గా అదే సమయానికి మా ఇంట్లో కంప్యూటర్ కూడా మార్చవలసి వచ్చింది. 2012 చివర్లో కొన్నది. మూడో తరం ఐ3, 4 జీబీ ర్యామ్, తిరిగే హార్డ్ డిస్కు. మీట నొక్కి వెళ్లి టీ పెట్టుకుని వస్తే అప్పటికి స్క్రీను వచ్చేది. అమ్మాయి ఇంజనీరింగ్‌లో చేరబోతోంది. అబ్బాయి పదో తరగతి పాసయ్యాడు, వాడికి గేమింగ్ కంప్యూటర్ కావాలి. ఆ మాట వినగానే మాకు కోపం వచ్చింది. చదువు గదిలో 'గేమింగ్' అన్న స్టిక్కరుకు మోసపోయిన గాయం ఇంకా పచ్చిగానే ఉంది. పైగా ఉపాధ్యాయుల ఇంట్లో ఆటల కోసం కంప్యూటరా?

వాడు వాదించలేదు. ఒక కాగితం మీద రాసి తెచ్చాడు. "అబ్బా, ఆటకు ఏం కావాలో చూడండి, అక్క చదువుకు ఏం కావాలో చూడండి, తేడా ఉన్నది ఒక్కటే" అన్నాడు. చూశాము. వేగమైన ప్రాసెసర్, 16 జీబీ ర్యామ్, ఎస్‌ఎస్‌డీ, చల్లగా ఉంచే ఫ్యాన్లు, నాణ్యమైన ఎస్‌ఎమ్‌పీఎస్. ఇవి రెండు జాబితాల్లోనూ ఉన్నాయి. ఆటకు అదనంగా కావలసింది గ్రాఫిక్స్ కార్డు ఒక్కటే. అది తర్వాతైనా పెట్టుకోవచ్చు. అప్పుడు మాకు ఒక ఆలోచన వచ్చింది. చదువు గదికి మళ్లీ ఎప్పుడో కొనక తప్పదు. దాతల సొమ్ము అమానతు. ఈసారి ముందు మా డబ్బుతో, మా ఇంట్లో చేసి చూద్దాము, అర్థమయ్యాకే అక్కడ కొందాము అనుకున్నాము.

జూన్‌లో బడులు తెరవకముందే అబ్బాయీ మేమూ నడికుడిలో పల్నాడు ఎక్స్‌ప్రెస్ ఎక్కి సికింద్రాబాద్ వెళ్లాము. పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్‌ను అక్కడి వారు సీటీసీ అంటారు. అంతస్తుల నిండా కంప్యూటర్ విడిభాగాల దుకాణాలే. ముందు నాలుగైదు దుకాణాల్లో ధరలు అడిగి రాసుకుని, మధ్యాహ్నం తర్వాత కొన్నాము.

ప్రాసెసర్ ఏఎమ్‌డీ రైజెన్ 5 5600జీ. 2021 నాటిది, ఆరు కోర్లు, పన్నెండు థ్రెడ్లు. పేరు చివర 'జీ' ఉంటే లోపలే గ్రాఫిక్స్ ఉన్నాయని గుర్తు. (ఇంటెల్ కొనేవారు చివర 'ఎఫ్' ఉన్నది తీసుకుంటే గ్రాఫిక్స్ ఉండవు. కార్డు లేకుండా తెరమీద బొమ్మే రాదు. ఇది తెలియక ఇబ్బంది పడేవారు చాలామంది.) అది 12,000. దానికి సరిపడే బీ550 బోర్డు 8,500. ర్యామ్ 16 జీబీ, అది కూడా ఒకే పుల్లగా కాక 8 చొప్పున రెండు, 3,800. లోపలి గ్రాఫిక్స్ ఈ ర్యామ్‌నే వాడుకుంటాయి కాబట్టి రెండు పుల్లలుంటే రెండు దారులు తెరుచుకుని ఆటలో తేడా కంటికే కనబడుతుంది. 500 జీబీ ఎస్‌ఎస్‌డీ 3,300. ఎస్‌ఎమ్‌పీఎస్ 4,000. క్యాబినెట్ 3,000. మొత్తం 34,600. మానిటర్, కీబోర్డు, మౌస్ పాతవే. మానిటరుకు పాత వీజీఏ తీగ తప్ప వేరే లేదు కనుక హెచ్‌డీఎమ్‌ఐ నుంచి మార్చే చిన్న అడాప్టర్ కొన్నాము. విండోస్ లైసెన్సు ఖర్చు వేరు. దొంగ కాపీ వేయించుకోలేదు.

ఈ ధరలు ఇప్పుడు పట్టుకుని వెళ్లకండి. 2025 చివర్లో కృత్రిమ మేధ డేటా సెంటర్ల గిరాకీ వల్ల ర్యామ్ ధరలు విపరీతంగా పెరిగాయి. మైక్రాన్ కంపెనీ డిసెంబరులో, మనలాంటి వారికి అమ్మే తన క్రూషియల్ వ్యాపారాన్నే మూసేస్తున్నట్టు ప్రకటించింది. జాబితా మాత్రం పనికొస్తుంది, అంకెలు ఆ రోజుటివి చూసుకోవాలి.

ఎస్‌ఎమ్‌పీఎస్ మీద 4,000 ఎందుకు పెట్టామో కాస్త వివరించాలి. దుకాణదారుడు 900కే ఒకటి ఇస్తానన్నాడు. బయటికి రెండూ ఇనుప డబ్బాలే. గోడలోంచి వచ్చే 230 వోల్టుల కరెంటును 12 వోల్టులకూ అంతకు తక్కువకూ దించి, మిగతా భాగాలన్నిటికీ పంచిపెట్టేది ఇదే. మన వైపు వోల్టేజి ఎలా ఎగిరిపడుతుందో, గాలివానకు కరెంటు ఎలా పోయి వస్తుందో మీకు తెలుసు. చవకరకం ఆ దెబ్బను లోపలికే పంపిస్తుంది. చదువు గదిలో జరిగింది అదే. 80 ప్లస్ ముద్ర, కనీసం మూడేళ్ల వారంటీ, తెలిసిన కంపెనీ, ఈ మూడూ చూశాము. 550 వాట్లది తీసుకున్నాము, రేపు గ్రాఫిక్స్ కార్డు పెట్టినా సరిపోతుంది. కార్డు పెట్టేవారు యూపీఎస్‌ను కూడా లెక్కలోకి తీసుకోవాలి. ఇళ్లలో సాధారణంగా ఉండే 600 వీఏ యూపీఎస్ ఇచ్చేది 360 వాట్లే.

రెండోది వేడి, దుమ్ము. రెంటచింతల ఎండ సంగతి రాష్ట్రమంతటికీ తెలుసు, మనది దాని పొరుగే. అటు సున్నపురాయి క్వారీలు, ఇటు సిమెంటు ఫ్యాక్టరీలు. కిటికీ తీసి పెడితే సాయంత్రానికి బల్ల మీద వేలితో పేరు రాయవచ్చు. వేడెక్కిన ప్రాసెసర్ తనను తాను కాపాడుకోవడానికి వేగం తగ్గించుకుంటుంది. ఎంత ఖరీదైనది కొన్నా మే నెలలో అది మందగించే పాతదానిలాగే నడుస్తుంది. అందుకని ముందువైపు అద్దం ఉన్న డబ్బా వద్దనుకుని, జల్లెడలాంటి జాలీ ఉన్నది, తీసి కడిగే వీలున్న దుమ్ము ఫిల్టరు ఉన్నది తీసుకున్నాము. నేల మీద పెట్టలేదు. చీపురు దుమ్మంతా దాని ముక్కులోకే పోతుంది. నెలకోసారి ఫిల్టరు కడుగుతాము, మూడు నెలలకోసారి బయట అరుగు మీద బ్లోయరుతో ఊదుతాము. ఊదేటప్పుడు ఫ్యాను తిరగకుండా వేలితో పట్టుకోవాలి.

ఇప్పుడు మీట నొక్కాక టీ సంగతి తర్వాత, నీళ్ల గ్లాసు అందుకునే లోపు తెర వస్తోంది. అమ్మాయి డ్రాయింగ్ సాఫ్ట్‌వేర్, అబ్బాయి ఫుట్‌బాల్ ఆట, మా ప్రశ్నపత్రాల టైపింగ్ అన్నీ దాని మీదే. ఆటల సెట్టింగులు తక్కువలో పెట్టుకోవాలి, వాడు ఒప్పుకున్నాడు. గ్రాఫిక్స్ కార్డుకు వాడే డబ్బు కూడబెడుతున్నాడు. రోజుకు గంట అన్న నియమం మాత్రం ఏ ప్రాసెసరూ అమలు చేయదు, అది మాకే మిగిలింది.

పాత ఐ3కు ఒక చిన్న ఎస్‌ఎస్‌డీ, మరో 4 జీబీ ర్యామ్ వేసి, ఉచితంగా దొరికే లినక్స్ మింట్ ఎక్కించి చదువు గదికి ఇచ్చాము. తెలుగు టైపింగుకు, ఇంటర్నెట్‌లో పాఠాలు చూడటానికి, ఆన్‌లైన్ దరఖాస్తులకు హాయిగా నడుస్తోంది. మిగిలిన ఒక ఐ7కూ అదే చేసి, ఎస్‌ఎమ్‌పీఎస్ మార్చాము. లైట్ల తీగ పీకేశాము. కేరళ ప్రభుత్వ బడుల్లో ఏళ్లుగా ఇలాంటి స్వేచ్ఛా సాఫ్ట్‌వేరుతోనే చదువు చెబుతున్నారు కనుక ఇందులో మన పిల్లలను తక్కువ చేసిందేమీ లేదు.

ఇదంతా అయ్యాక గుంటూరు వెళ్లి ఆ దాతను కలిశాము. జరిగింది జరిగినట్టు చెప్పి, కాలిపోయిన యంత్రం ఖర్చు మేము భరిస్తామన్నాము. ఆయన కాసేపు ఏమీ అనలేదు. తర్వాత, "డబ్బు సంగతి వదిలేయండి మాస్టారూ, ఈసారి ఏది కొనాలో నాక్కూడా అర్థమయ్యేలా రాసివ్వండి" అన్నారు. ఈ వ్యాసం రాయడానికి కారణం ఆ మాటే.

కొత్తది కొనిచ్చే దాతలకు మా మనవి: డబ్బా పేరు, లైట్లు, 'ఐ7' అన్న మాట చూసి కొనకండి. ప్రాసెసర్ పూర్తి నంబరు, బోర్డు కంపెనీ, ఎస్‌ఎమ్‌పీఎస్ కంపెనీ ఈ మూడూ బిల్లులో విడివిడిగా రాయించండి. రాయనన్న దుకాణం నుంచి బయటికి రండి. అంత బడ్జెట్ లేకపోతే, పెద్ద కంపెనీలు వాడి తీసేసిన ఎనిమిదో తరం పైబడిన బ్రాండు డెస్క్‌టాపులు దొరుకుతాయి. చదువు గదికి అవి చాలు. వాటిలో చాలావాటికి పెద్ద గ్రాఫిక్స్ కార్డు పట్టదు, ఎస్‌ఎమ్‌పీఎస్ మార్చడం కూడా కష్టమే, కాబట్టి ఇంట్లో ఆటలకు మాత్రం అవి సరిపడవు.

పాతది ఇవ్వదలచినవారు ముందు ఆ నంబరు చూసి మాకు ఫోనులో చెప్పండి. అందులోని ఫొటోలు, బ్యాంకు కాగితాలు కాపీ చేసుకుని తుడిచేసి ఇవ్వండి. మూడో తరంకంటే పాతవి, ఉబ్బిన కెపాసిటర్లున్నవి దయచేసి పంపకండి. పోయిన ఏడాది అలా వచ్చిన నాలుగు ఇప్పటికీ వెనక గదిలోనే ఉన్నాయి.

ఈ వేసవి సెలవుల్లో చదువు గదికి మరొకటి కొనాలి. జాబితా, మూడు దుకాణాల ధరలు తేగానే నోటీసు బోర్డు మీద పెడతాము. కొనే ముందు పది రోజులు ఉంచుతాము, తప్పు కనబడితే చెప్పండి. మా ఇంటి బిల్లు నకలు కూడా సొసైటీ ఆఫీసు ఫైలులో ఉంది.