రెండవమారు విన్నప్పుడు

న్యాయమంటే దోషిని శిక్షించడమేనని మనలో పెక్కుమంది అనుకుంటారు. అంతకుముందు జరుగవలసిన పని ఒకటున్నది: ముద్దాయి మొర పూర్తిగా వినడం. అందులో లోపం వస్తే ఏమవుతుందో మన సినిమా లోకంలోనే చూశాము. స్టూడియోల చుట్టూ బ్రతికిన కోడంబాక్కం తెలుగు కుటుంబాలలో ఆ కథ వినని పెద్దలు అరుదు.

1944 నవంబరులో మద్రాసులో లక్ష్మీకాంతన్ అనే సినిమా పత్రికల వాడు కత్తిపోట్లతో మరణించాడు. తారల గుట్టు రచ్చకెక్కించిన వాడు గనుక అనుమానం వారి మీదికే పోయింది. గాయక నటుడు త్యాగరాజ భాగవతార్, హాస్యనటుడు ఎన్.ఎస్. కృష్ణన్, దర్శకుడు శ్రీరాములు నాయుడు మొదలైన వారిని నిర్బంధించారు. తరువాత 1954లో మనకు “అగ్గిరాముడు” చిత్రం ఇచ్చినది ఈ నాయుడుగారే. 1945లో జూరీ విచారణ ముగిసి ఆయన విడుదలయ్యారు. తక్కిన ఇద్దరు నటులకూ యావజ్జీవ ద్వీపాంతరవాస శిక్ష పడింది.

హైకోర్టులో అప్పీలు పోయింది. వ్యాజ్యం లండనులోని ప్రీవీ కౌన్సిలుకు ఎక్కింది. ఆ అప్పీలును హైకోర్టు తిరిగి వినవలసినదని అక్కడ తీర్పయింది. 1947 ఏప్రిలులో ఇద్దరూ నిర్దోషులుగా బయటికి వచ్చారు. ముద్దాయిలు వారే, సాక్ష్యమూ అదే, వినడంలోనే తేడా. జైలులో పోయిన రెండేళ్ళ పైచిలుకు కాలం మాత్రం తిరిగి రాలేదు. భాగవతార్ పూర్వవైభవమూ రాలేదు.

లండను దాకా పోవడం పేదవానికి సాధ్యమా? 1949లో ఆ దారి కూడా మూసుకున్నది. ఐరోపావారు 1950లో ఒడంబడిక చేసుకొని, 1959లో స్ట్రాస్‌బర్గులో మానవహక్కుల న్యాయస్థానం పెట్టుకున్నారు. తమ దేశపు కోర్టులో విచారణ సక్రమంగా జరుగలేదనుకొన్న సామాన్యుడు, తన ప్రభుత్వం మీదనే అక్కడ ఫిర్యాదు చేయవచ్చును. అమెరికా ఖండాలకు, ఆఫ్రికాకు అటువంటివి ఉన్నవి. ఆసియాకు లేదు. మనకు చివరి గడప ఢిల్లీలోని సుప్రీంకోర్టే.

కనుక ఇంటిదగ్గర ఉన్న హక్కులను ఎరిగి ఉండడం అవసరం. మొదటిది భాష. సాక్ష్యం ముద్దాయికి తెలియని భాషలో నడిస్తే, అతనికి తెలిసిన భాషలో కోర్టులోనే చెప్పించాలి. అరవదేశంలో ఉన్న తెలుగువారికి ఇది చిన్న విషయం కాదు. రెండవది తీర్పు నకలు. జైలుశిక్ష పడినవానికి దానిని ఉచితంగా, అప్పీలు గడువు దాటకుండా ఇవ్వాలని 1978లో హోస్కాట్ వ్యాజ్యంలో సుప్రీంకోర్టు చెప్పింది. ఆఫీసు కాగితాల మధ్య బ్రతికే మాబోటి గుమాస్తాలకు, వేళకు నకలు అందకపోతే పని ఎంత చెడుతుందో వేరే చెప్పనక్కరలేదు. మూడవది ప్లీడరు. 1987 నాటి న్యాయసేవల చట్టం ప్రకారం స్త్రీలకు, నిర్బంధంలో ఉన్నవారికి ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచితంగా ప్లీడరును ఇస్తారు. 15100 నంబరుకు టెలిఫోను చేస్తే దారి చెబుతారు.

అడగందే అమ్మయినా పెట్టదంటారు. కోర్టు గుమ్మం దగ్గర ఏమి అడగాలో తెలియక నిలిచిపోయే వారు మన వీధిలో ఉండకూడదనే ఈ నాలుగు మాటలూ వ్రాశాము.