కంప్యూటరు మేలుకొనుట



మీట నొక్కి, కాఫీ కాఁచుకొని వచ్చినను మేలుకొనని కంప్యూటరులు మన యిండ్లలో నెన్నియో కలవు. యంత్రము ముసలిదైనదని యెంచి క్రొత్తది కొనఁ జూతుము. లేదా మరమ్మతు దుకాణమున విడిచి వత్తుము. మొదటిదానివలన ధనము వ్యయమగును. రెండవదానివలన బిడ్డల ఛాయాచిత్రములును, ఇంటి లెక్కలును పరుల చేతఁ బడును. పెక్కుమాఱులు దోషము యంత్రమంతటిది కాదు. అందలి హార్డ్ డిస్కుది.

హార్డ్ డిస్కులో నయస్కాంతపుఁ బూఁత గల పళ్ళెములు నిమిషమునకు 5400 గాని 7200 గాని చుట్లు తిరుగుచుండును. మేలుకొనునపుడు కంప్యూటరు వేలకొలఁది చిన్న ఫైళ్ళను వేర్వేఱు చోటుల నుండి యేఱుకొనవలెను. పళ్ళెము తిరిగి వచ్చుదాఁక ప్రతిసారియు వేచి యుండుట యాలస్యమునకు మూలములలో నొకటి. ఎస్.ఎస్.డి.లోఁ దిరుగునది లేదు. 1984లో జపాను దేశపు తోషిబా సంస్థకుఁ జెందిన ఫుజియో మసువోకా లోకమునకు వెల్లడించిన ఫ్లాష్ మెమరీ జాతి చిప్పులు మాత్రమే యుండును.

ఈ మార్పు మన మింటనే చేసికొనవచ్చును. ముందుగా ముఖ్యమైన వాని నన్నిటిని వేఱొక బయటి డిస్కులో భద్రపఱుపుఁడు. బిట్‌లాకరు తాళమున్నచో, దాని 48 అంకెల రికవరీ కీని కాగితముపై వ్రాసికొని, పని ముగియువఱకుఁ దాళమును నిలిపి యుంచుఁడు. పిదప, పాత డిస్కులోని సమాచారమంతయుఁ బట్టునట్టి సాటా ఎస్.ఎస్.డి.ని యు.ఎస్.బి. తీఁగెతోఁ దగిలించి, క్లోనింగు ప్రోగ్రాముచేఁ బ్రతి తీయుఁడు. విండోసున్న భాగమే కాక, యంత్రమును మేలుకొలుపు చిన్న భాగములును ప్రతిలోనికి రావలెను. ఏది మాతృకయో, యేది ప్రతియో రెండుమాఱులు చూడుఁడు. తాఱుమాఱైనచో ఖాళీ డిస్కు నిండు డిస్కును దుడిచివేయును.

తరువాత విద్యుత్తును, వీలైనచో బ్యాటరీని దొలగించి, పాతదాని స్థానమునఁ గ్రొత్తదానిని బిగింపుఁడు. మీట నొక్కినంతనే ఎఫ్2 గాని డిలీట్ గాని నొక్కిన బయోసు తెఱచుకొనును. కొన్ని యంత్రములలో మీట వేఱుగా నుండును. అందలి బూట్ వరుసలో ఎస్.ఎస్.డి.ని మొదట నిలుపుఁడు. లెగసీ, యు.ఇ.ఎఫ్.ఐ. అను రెండు పద్ధతులలోఁ బాత డిస్కు దేనితో నడచెనో దానినే యుంచుఁడు; మార్చినచో యంత్రము మేలుకొనకపోవచ్చును.

ఒక్కమాట. ఎస్.ఎస్.డి. వేగము నిచ్చునే కాని, 2025 అక్టోబరు 14న సాధారణ సహాయము ముగిసిన విండోస్ 10ను క్రొత్తదిగాఁ జేయఁజాలదు. అదియు నొకనాఁడు హఠాత్తుగాఁ జెడవచ్చును గనుక, బయటి డిస్కులోని ప్రతిని విడువరాదు.

తాళపత్రములకుఁ బ్రతి వ్రాయు శ్రద్ధాళువు, ప్రతిని మాతృకతోఁ బోల్చి చదువక మాతృకను విడువఁడు. మనమును ఛాయాచిత్రములను, లెక్కలను క్రొత్తదానిలోఁ దెఱచి చూచి, పాత డిస్కు నొక నెల బీరువాలో దాచి యుంచుదము. ఆ పైని దానిని బూర్తిగాఁ దుడువకుండ నెవ్వరి కీయరాదు. దానిలో నున్నది మన సంసారము.