చవక ఎక్కడుంది?



నెల మొదలైతే చాలు, ఇంట్లో సరుకుల చీటీ రాసుకుంటాం. బియ్యం, పప్పు, నూనె, చింతపండు, సబ్బులు, టీ పొడి. చీటీ ఒక్కటే. కొనే చోట్లు మాత్రం ఇప్పుడు చాలా ఉన్నాయి.

వీధి చివర కిరాణా కొట్టు ఉంది. రేషన్ షాపు ఉంది. వారానికొకసారి సంత ఉంది. పట్నంలో రైతు బజారు ఉంది. సూపర్ మార్కెట్లూ వచ్చాయి. వాటిలో రెండు రకాలు. ఒకటి, చవక ధరకు అమ్ముతామని చెప్పే సూపర్ మార్కెట్. రెండోది, అన్ని రకాలూ దొరికే పెద్ద సూపర్ మార్కెట్. ఒకే పేరుతో ఊరూరా ఉంటాయి కాబట్టి వీటిని గొలుసు దుకాణాలు అంటారు.

ఎక్కడ కొంటే మనకు లాభం? "ఫలానా కొట్టు చవక" అని ఎవరో చెప్తే సరిపోదు. మనమే చదవాలి. మనమే లెక్క వేయాలి. అది ఎలాగో చూద్దాం.

ఈ కొట్లు ఎలా వచ్చాయి?

పూర్వం ఎక్కడైనా ఒకటే పద్ధతి. కొట్టువాడు బల్ల అవతల ఉంటాడు. మనం అడుగుతాం. అతను తూచి, పొట్లం కట్టి ఇస్తాడు.

1916లో అమెరికాలోని మెంఫిస్ పట్నంలో క్లారెన్స్ సాండర్స్ అనే వ్యాపారి కొత్త పద్ధతి పెట్టాడు. జనమే లోపలికి వచ్చి, ఎవరికి కావలసింది వాళ్ళే తీసుకుని, బయటికి వెళ్ళేటప్పుడు డబ్బు కడతారు. పొట్లాలు కట్టే మనుషులు అక్కర్లేదు. ఖర్చు తగ్గింది.

చవక కొట్ల కథ జర్మనీలో ఉంది. ఎస్సెన్ పట్నంలో 1913లో ఆల్‌బ్రెక్ట్ అనే కుటుంబంలో ఒక తల్లి చిన్న సరుకుల కొట్టు తెరిచింది. తర్వాత ఆమె కొడుకులు కార్ల్, థియో ఆ కొట్టును పెంచారు. తక్కువ రకాలు పెట్టడం, ఆడంబరం లేకుండా తక్కువ ధరకు అమ్మడం వాళ్ళ పద్ధతి. ఆ కొట్లకు ఆల్డి అనే పేరు వచ్చింది. ఇప్పుడు అవి చాలా దేశాల్లో ఉన్నాయి.

మన దేశంలో రాధాకిషన్ దమానీ అనే వ్యాపారి 2002లో ముంబైలో డీమార్ట్ మొదలు పెట్టాడు. హైదరాబాదులో 2006లో రిలయన్స్ ఫ్రెష్ మొదటి దుకాణాలు తెరిచారు. అంతకు ముందే, 1999 జనవరి 26న మన రాష్ట్రంలో రైతు బజార్లు మొదలయ్యాయి. అక్కడ రైతులే కూరగాయలు తెచ్చి అమ్ముతారు. మధ్యలో దళారి ఉండడు.

చవక కొట్టువాళ్ళు తక్కువకు ఎలా ఇస్తారు?

ఎవరూ నష్టానికి అమ్మరు. ఖర్చు తగ్గించుకుంటారు. అందుకే తక్కువకు ఇవ్వగలుగుతారు.

ఒకటి: సరుకు ఒక్కసారే లారీల లెక్కన కొంటారు. తయారు చేసేవాళ్ళకు డబ్బు త్వరగా ఇస్తారు. అందువల్ల వాళ్ళకు తక్కువ ధర పడుతుంది.

రెండు: ఒక్కో సరుకులో కొద్ది రకాలే పెడతారు. బాగా అమ్ముడుపోయేవే ఉంచుతారు. సరుకు నిలవ ఉండదు.

మూడు: అలంకారం తక్కువ. కొన్ని చోట్ల అట్టపెట్టెలు అలాగే పేర్చి ఉంటాయి. డీమార్ట్ లాంటి వాళ్ళు చాలా చోట్ల స్థలం, భవనం సొంతంగా కొంటారు. అద్దె బాధ తగ్గుతుంది.

నాలుగు: అరువు లేదు. కట్టిన వెంటనే డబ్బు వస్తుంది.

అయిదు: పప్పులు, పిండి, చక్కెర లాంటివి వాళ్ళే సంచుల్లో తెచ్చి, తమ పేరుతో ప్యాకెట్లు కడతారు. టీవీ ప్రకటనల ఖర్చు ఉండదు.

పెద్ద సూపర్ మార్కెట్ సంగతి వేరు. అక్కడ ఒక్క టీ పొడిలోనే ఇరవై రకాలు ఉంటాయి. చల్లని గాలి, వెలుగు, ఇంటికి పంపడం, పండ్లు, ఐస్‌క్రీములు, అన్నీ ఉంటాయి. వాటి ఖర్చు ఎవరు కడతారు? సరుకు ధరలోనే అది కలిసి ఉంటుంది. ఒక్కోసారి వాళ్ళు కూడా కొన్ని సరుకుల మీద బాగా తగ్గిస్తారు. ఆ సరుకు కోసం వెళ్ళిన మనం ఇంకో పది సరుకులు కొంటాం. వాళ్ళకు కావలసింది అదే.

ఏది ఎక్కడ కొనాలి?

సబ్బులు, పళ్ళపొడి, బట్టల సోడా, టీ పొడి లాంటి కంపెనీ సరుకులు అన్ని చోట్లా ఒక్కటే. ప్యాకెట్ మారదు. వీటి మీద ఎంత తగ్గిస్తే అంత మనకు లాభం. చవక సూపర్ మార్కెట్‌లో వీటికి అచ్చు వేసిన ధర కంటే తక్కువ తీసుకోవడం మామూలు.

కూరగాయలకు రైతు బజారు గానీ, సంత గానీ మేలు. తాజాగా ఉంటాయి. ఏరుకోవచ్చు.

బియ్యం, పప్పులు చూసి కొనాలి. తక్కువ ధర పప్పులో పొట్టు, రాళ్ళు ఎక్కువ ఉంటే చెరిగాక మిగిలేది తక్కువ. రేషన్ కార్డు ఉన్నవాళ్ళు ముందు రేషన్ బియ్యం తెచ్చుకోవాలి. మిగతా లెక్క తర్వాత.

ప్యాకెట్ చదవండి

ఇప్పుడు మనకు చదువు వచ్చింది. ప్యాకెట్ మీద ఉన్నది మన కోసమే రాసి ఉంది. ఏమేం చూడాలి?

గరిష్ట చిల్లర ధర: దీన్నే ఎమ్మార్పీ అంటారు. పన్నులన్నీ దీనిలోనే కలిసి ఉంటాయి. ఇంతకంటే ఒక్క రూపాయి కూడా ఎక్కువ తీసుకోకూడదు. తక్కువకు అమ్మవచ్చు. అంటే బేరం ఆడవచ్చు, తగ్గింపు అడగవచ్చు.

నికర బరువు: లోపల సరుకు ఎంత ఉందో ఇది చెప్తుంది. ప్యాకెట్ ఎంత పెద్దదో చూడకండి. ఈ అంకె చూడండి.

తయారైన తేదీ, వాడవలసిన గడువు: "ఒకటి కొంటే ఒకటి ఉచితం" అన్నప్పుడు ఇది తప్పకుండా చూడాలి. గడువు దగ్గర పడిన సరుకును త్వరగా వదిలించుకోవడానికి కూడా అలా అమ్ముతారు.

ఆహార భద్రత సంస్థ లైసెన్సు నంబరు: తినే సరుకు ప్యాకెట్ మీద 14 అంకెల నంబరు ఉంటుంది. నంబరు లేని ప్యాకెట్ కొనవద్దు.

ఆకుపచ్చ చుక్క ఉంటే శాకాహారం.

నూనె ప్యాకెట్ లెక్క

ఒక లీటరు వంట నూనె సుమారు 910 గ్రాములు తూగుతుంది. కొన్ని ప్యాకెట్లు చూడడానికి లీటరు ప్యాకెట్ లాగే ఉంటాయి. లోపల తక్కువ ఉంటుంది. ఒక లెక్క వేద్దాం. ఈ ధరలు లెక్క కోసం అనుకున్నవి.

మొదటి ప్యాకెట్: 910 గ్రాములు, 145 రూపాయలు.
రెండో ప్యాకెట్: 800 గ్రాములు, 132 రూపాయలు.

చూడగానే రెండోది 13 రూపాయలు చవక. కానీ 100 గ్రాములకు ఎంత పడిందో చూడండి.

మొదటిది: 145ను 9.1తో భాగిస్తే 15 రూపాయల 93 పైసలు.
రెండోది: 132ను 8తో భాగిస్తే 16 రూపాయల 50 పైసలు.

చవక అనుకున్నదే ఖరీదు!

పెద్ద ప్యాకెట్ ఎప్పుడూ చవక అని కూడా అనుకోకండి. బట్టల సోడా కిలో 110 రూపాయలు, నాలుగు కిలోలు 460 రూపాయలు అనుకోండి. నాలుగు కిలోల సంచిలో కిలో 115 రూపాయలు పడింది. షాంపూలో ఒక్కోసారి పెద్ద సీసా కంటే చిన్న సాచెట్లే చవక పడతాయి. అందుకని ప్రతిసారీ లెక్క వేయాలి. ఒక గ్రాముకో, కిలోకో ఎంత పడుతుందో ఇప్పుడు చాలా ప్యాకెట్ల మీద అచ్చు వేస్తున్నారు. ఆ అంకె వెతకండి. లేకపోతే సెల్‌ఫోన్‌లో లెక్కల మిషను ఉంది కదా!

కొట్టు లోపల ఏం జరుగుతుంది?

1937లో అమెరికాలో సిల్వన్ గోల్డ్‌మన్ అనే వ్యాపారి ఒక సంగతి గమనించాడు. చేతిలో బుట్ట బరువెక్కగానే ఆడవాళ్ళు కొనడం ఆపేస్తున్నారు. అతను చక్రాల బండి తయారు చేయించాడు. బరువు తెలియదు. ఇంకా కొంటారు. ఇప్పుడు మనం తోసే బండి అదే.

ఇంకా చూడండి. ఖరీదైన సరుకు మన కళ్ళకు ఎదురుగా పెడతారు. చవకైనది కింది అరలోనో, పై అరలోనో ఉంటుంది. వంగి చూడండి. డబ్బు కట్టే చోట చాక్లెట్లు పెడతారు. మనం వరుసలో నిలబడతాం. పిల్లవాడు ఏడుస్తాడు. 100 అని రాయరు, 99 అని రాస్తారు.

దీనికి మందు ఒక్కటే. చీటీ రాసుకుని వెళ్ళాలి. చీటీలో లేనిది బండిలో వేయకూడదు. కొద్ది సరుకులే అయితే బండి వద్దు, చేతి బుట్ట చాలు. ఇంటి నుంచి సంచి తీసుకెళ్ళాలి. లేకపోతే సంచికీ డబ్బు కట్టాలి.

దారి ఖర్చు లెక్క

నెల సరుకులు కిరాణా కొట్టులో 2,000 రూపాయలు అనుకోండి. పట్నంలో చవక కొట్టులో అవే 1,840 రూపాయలు. మిగులు 160.

తెలంగాణలో 2023 డిసెంబరు 9 నుంచి, ఆంధ్రప్రదేశ్‌లో 2025 ఆగస్టు 15 నుంచి ఆడవాళ్ళకు ఆర్టీసీ వాళ్ళ కొన్ని రకాల బస్సుల్లో టికెట్టు డబ్బు లేదు. కార్డు చూపించాలి. కానీ మూటలతో బస్సు ఎక్కలేక ఆటో మాట్లాడుకుంటాం. ఆటోకు 90 అయితే మిగిలింది 70. అవసరం లేనివి 200 రూపాయలవి కొంటే? మిగలడం అటుంచి, 130 అదనంగా పోయింది. ఆ పూట కూలి పోతే అదీ కలపాలి.

ముగ్గురు కలిసి వెళ్తే ఆటో మనిషికి 30. అప్పుడు 130 మిగులుతుంది. నెలకోసారి, కలిసి, చీటీతో వెళ్తేనే చవక కొట్టు నిజంగా చవక.

అరువు మాట

ఇద్దరు తోడికోడళ్ళు ఇలా మాట్లాడుకున్నారనుకోండి.

"అక్కా, పట్నం కొట్టులో అంతా చవకంట. మనమూ పోదామా?"

"పోదాం చెల్లీ. కానీ ఒకటో తారీఖున చేతిలో రెండు వేలు ఉండాలి కదే! మన కొట్టాయనైతే ఖాతా రాసుకుంటాడు."

"ఊరికే రాస్తాడా అక్కా? అరువైతే నూరు రూపాయల సరుకు నూట ఆరు వేస్తున్నాడు."

"ఆరు రూపాయలే కదా."

"ఆరే. కానీ నెలకు ఆరు. అంటే నూటికి నెలకు ఆరు రూపాయల వడ్డీ. అంత వడ్డీకి అప్పు ఎవరైనా తెస్తారా?"

చెల్లి చెప్పింది నిజం. రెండు వేల సరుకు మీద ఆమె లెక్కన 120 రూపాయలు ఎక్కువ కట్టాలి. పొదుపు సంఘంలో రూపాయి వడ్డీకి రెండు వేలు తీసుకుంటే నెలకు వడ్డీ 20 రూపాయలు. అంటే 100 రూపాయలు మిగిలినట్టు. ఆ మిగులు పక్కన పెడుతూ పోతే, కొన్నాళ్ళకు అప్పు లేకుండానే సరుకు కొనవచ్చు.

అయితే కిరాణా కొట్టును తీసిపారేయకూడదు. రాత్రి పూట పిల్లవాడికి జ్వరం వస్తే సగ్గుబియ్యం ఇచ్చేది అతనే. పని దొరకని రోజుల్లో పది రూపాయల పప్పు ఇచ్చేదీ అతనే. సూపర్ మార్కెట్‌లో ఆ మాట చెల్లదు. అందుకని అతని దగ్గర అసలు కొనవద్దని కాదు. అరువు ధర, రొక్కం ధర వేరువేరుగా అడగండి. ఖాతా పుస్తకం మీ దగ్గర కూడా ఒకటి ఉంచుకోండి. అతను రాసింది మీరూ చదివి చూసుకోండి.

బిల్లు చూడండి

ఏ కొట్టులోనైనా బిల్లు అడగండి. అరలో రాసిన ధర, బిల్లులో పడిన ధర ఒకటేనా? ఒకే సరుకు రెండుసార్లు పడిందా? గుమ్మం దాటక ముందే చూసుకోండి. తప్పు ఉంటే అక్కడే అడగండి. సిగ్గు పడవద్దు. మన డబ్బు.

తూచి ఇచ్చే సరుకైతే, తూచక ముందు కాటా మీద సున్నా ఉందో లేదో చూడండి.

ఎమ్మార్పీ కంటే ఎక్కువ తీసుకున్నా, తూకంలో మోసం చేసినా తూనికలు కొలతల శాఖకు ఫిర్యాదు చేయవచ్చు. వినియోగదారుల సహాయం కోసం 1915 నంబరుకు ఫోన్ చేయవచ్చు. ఈ ఫోనుకు డబ్బు పడదు. బిల్లు ఉంటేనే మన మాటకు బలం.

గుర్తుంచుకోండి

కొట్టు పేరు చూసి కాదు, కిలో లెక్క చూసి కొనాలి.
చీటీ లేకుండా సూపర్ మార్కెట్‌కు వెళ్ళకూడదు.
దారి ఖర్చు, పోయిన కూలి కూడా ధరలో కలపాలి.
అరువు ధరలో వడ్డీ ఉంటుంది.
బిల్లు దాచుకోవాలి.

చదివారు కదా! ఇప్పుడు చెప్పండి

1. ఎమ్మార్పీ కంటే తక్కువకు అమ్మవచ్చా? ఎక్కువకు అమ్మవచ్చా?
2. అర కిలో కందిపప్పు 80 రూపాయలు. కిలో ప్యాకెట్ 155 రూపాయలు. ఏది చవక? ఎంత?
3. మీ ఇంట్లో ఉన్న ఒక ప్యాకెట్ తీసి నికర బరువు, ధర, గడువు తేదీ చదవండి. పలక మీద రాయండి.
4. మీ కేంద్రంలో అందరూ కలిసి అయిదు సరుకుల ధరలు మూడు కొట్లలో కనుక్కోండి. పట్టిక వేయండి. మీ ఊరికి ఏది చవకో మీరే తేల్చండి.