డిఫరెన్షియల్ ఆయిల్ ఎంత వేడెక్కింది? డాష్‌బోర్డ్ చెప్పదు!

ఫోన్ హీటెక్కితే ప్రాసెసర్ తనంతట తనే స్లో అయిపోతుంది. చాలా రియర్ వీల్ డ్రైవ్ కార్లలో వెనకాల ఉండే డిఫరెన్షియల్‌కి ఆ సౌకర్యం లేదు. ఇంజిన్ పవర్‌ని రెండు చక్రాలకీ పంచే ఈ గేర్ల సెట్‌లో ఉండే ఆయిల్ సాధారణంగా ఒకటి, రెండు లీటర్లే. పంపు, కూలర్ కూడా చాలావాటిలో ఉండవు. ఇందులోని హైపాయిడ్ గేర్ల పళ్లు ఒకదానిపై ఒకటి జారుతూ తిరుగుతాయి. అందుకే ట్రాక్ మీద ల్యాప్ ల్యాప్‌కీ వేడి పెరుగుతుంది. ఆయిల్ మరీ పలచబడితే పళ్ల మధ్య పొర తెగి, లోహం లోహాన్ని అరగదీస్తుంది. షెవర్లే కమారో ఎస్ఎస్ 1ఎల్ఈకి కంపెనీయే డిఫరెన్షియల్ కూలర్ ఇచ్చింది ఇందుకే.

ఓబీడీ డాంగిల్ పెడితే సరిపోదా అంటారా? అసలు సెన్సరే లేకపోతే యాప్ ఏం చూపిస్తుంది? డ్రెయిన్ ప్లగ్ ప్లేస్‌లో థర్మిస్టర్ సెన్సర్ బిగించాలి. వేడి పెరిగేకొద్దీ దాని రెసిస్టెన్స్ తగ్గుతుంది. ఈఎస్‌పీ32 లాంటి చిన్న బోర్డు దాన్ని డిగ్రీల్లోకి మార్చి ఫోన్‌కి పంపగలదు.

75డబ్ల్యూ-90 ఆయిల్ అయితే నేను 120 డిగ్రీల దగ్గర అలర్ట్ పెడతాను. కానీ అంకె కన్నా గ్రాఫ్ ముఖ్యం. 110 దగ్గర నిలకడగా ఉంటే ఓకే. ప్రతి ల్యాప్‌కీ ఎక్కుతూనే ఉంటే మాత్రం బీప్ కోసం ఎదురుచూడకండి, స్పీడ్ తగ్గించి ఒక ల్యాప్ చల్లారనివ్వండి.