ఫైళ్ళ పేర్లలో నక్షత్రం, ప్రశ్నార్థకం

హోసూరులోనో బళ్ళారిలోనో బరంపురంలోనో పెద్దల నోట విన్న పాటలను కంప్యూటరులో దాచుకొంటున్న విద్యార్థులు ఫైళ్ళకు తెలుగులోనే పేర్లు పెట్టుకోవడం మాకు ఇష్టమైన సంగతే. అయితే అవి వందలకు చేరినప్పుడు ఒక్కొక్కటిగా ఏరుకోవడం కుదరదు. అప్పుడు అక్కరకు వచ్చేవి రెండు గుర్తులు: నక్షత్రం (*), ప్రశ్నార్థకం (?). పేకాటలో జోకరు ఏ ముక్కకు బదులైనా చెల్లినట్లే ఇవీ చెల్లుతాయి. నక్షత్రం ఎన్ని అక్షరాలకైనా సరిపోతుంది, ఏమీ లేకపోయినా సరే. ప్రశ్నార్థకం సరిగ్గా ఒక్కదానికే. 'పాట-0?' అంటే పాట-01 మొదలు పాట-09 దాకా వస్తాయి, పాట-10 రాదు. (పేరు చివర చుక్క తరువాత వచ్చే పొడిగింపును ఇక్కడ వదిలివేశాము.)

ఒక్క అక్షరం అంటే ఏది? తెలుగువారికి చిక్కంతా ఇక్కడే. 1991 నాటి యూనికోడ్ తొలి కూర్పులోనే తెలుగుకు చోటు దొరికింది. అందులో హల్లుకు ఒక సంకేతం, గుణింతపు గుర్తుకు వేరొకటి, పొల్లుకు ఇంకొకటి. తలకట్టుకు మాత్రం విడి సంకేతం లేదు, అది హల్లులోనే ఇమిడి ఉంది. మనం ఒక్కటిగా లెక్కించే 'శ్రీ' యంత్రానికి నాలుగు: శ, పొల్లు, ర, గుడిదీర్ఘం. దానికి నాలుగు ప్రశ్నార్థకాలు పెట్టాలి.

నక్షత్రంతో చిక్కు ఇంతకంటె పెద్దది. 'పాట*' అని అడిగితే పాటలే వస్తాయనుకొంటాం. 'పాటిదిబ్బ' కూడా వస్తుంది. మన కంటికి ట వేరు, టి వేరు. యంత్రానికి టి అంటే ట, దాని వెనుక గుడి. వెతుకులాటలో ఇందువల్ల నష్టం లేదు. పాత నకళ్ళు తీసివేద్దామని అదే నమూనా ఇస్తే మాత్రం ఊరి పాటిదిబ్బను గురించి రాసుకొన్నదంతా పోతుంది. కమాండుతో తొలగించినవి చెత్తబుట్టలోకి కూడా చేరవు. చెప్పిన ముసలమ్మ ఇప్పుడు లేకపోతే మళ్ళీ ఎవరిని అడుగుతాం? అందుకే పేర్లలో మొదటి మాట తరువాత అడ్డగీత పెట్టి, 'పాట-*' అని అడగడం మేలు. గీతకూ నక్షత్రానికీ నడుమ ఖాళీ పడకూడదు. పడితే నక్షత్రం విడిపోయి, ఆ ఫోల్డరులోని ఫైళ్ళన్నింటికీ వర్తిస్తుంది.

ఫోల్డర్ల విషయానికి వస్తే, నక్షత్రం ఒక్క మెట్టు మాత్రమే దిగుతుంది. 'పాటలు/*/పాట-01' అంటే హోసూరు, బళ్ళారి ఫోల్డర్లలోని మొదటి పాటలు. హోసూరు లోపల 'పెళ్ళి' అనే మరో ఫోల్డరు ఉంటే అందులోకి పోదు. ఎంత లోతుకైనా పోవాలంటే జంట నక్షత్రం (**) కావాలి. బాష్ షెల్లులో ఇది 2009 నుండి ఉన్నా, గ్లోబ్‌స్టార్ అనే ఏర్పాటును మనమే తెరవాలి. విండోస్ కమాండ్ ప్రాంప్టులో దారి నడుమ నక్షత్రం చెల్లదు, చివరి పేరులోనే చెల్లుతుంది.

యూనిక్స్ కుటుంబంలో నమూనాను విప్పేది షెల్లే. 1971 నాటి తొలి యూనిక్స్‌లో ఇందుకు గ్లోబ్ అనే విడి ప్రోగ్రామే ఉండేది. తొలగించే కమాండుకు అందేది విప్పిన పేర్ల జాబితా మాత్రమే, అది మనల్ని తిరిగి అడగదు. కనుక ముందు అదే నమూనాను ఎకో కమాండుకు ఇచ్చి, వచ్చిన పేర్లను ఓపికగా చదవండి. పాటిదిబ్బ అక్కడే కనిపిస్తుంది.