జనం లేని కొండ మీద గుడారం... చోటు ఎంచుకునే ముందు!

వేసవి సెలవులు వచ్చాయంటే అరకు ఘాట్‌ రోడ్డులో కార్ల బారులు తప్పవు. వ్యూపాయింట్‌ దగ్గర ఫొటోలకు ఒక వరుస, బొంగు చికెన్‌కు మరో వరుస. అందుకే చాలా కుటుంబాలు ఇప్పుడు హోటల్‌ గది మానేసి గుడారం వైపు చూస్తున్నాయి. ‘ఎవరూ లేని చోటు ఏదైనా ఉంటే చెప్పండి’ అన్నదే అందరి ప్రశ్న. ఆరోగ్యం వైపు నుంచి చూస్తే అంతకంటే ముందు వేసుకోవాల్సిన ప్రశ్న ఇంకొకటుంది. అర్ధరాత్రి పిల్లాడికి ఆయాసం వస్తే, నాన్నగారికి ఛాతీలో నొప్పి వస్తే, అక్కడి నుంచి ఆస్పత్రికి ఎంతసేపు పడుతుంది?

కొండల్లో దూరాన్ని కిలోమీటర్లలో లెక్కేస్తే మోసపోతాం. మ్యాపులో 20 కిలోమీటర్లే కనిపిస్తుంది. చీకట్లో, వానలో, మలుపుల రోడ్డులో అదే గంటన్నర కావొచ్చు. పిల్లలు, పెద్దలు ఉన్న కుటుంబమైతే గుడారం నుంచి వాహనానికి నడక అరగంట దాటకూడదు. వాహనం నుంచి 24 గంటలూ పనిచేసే ఆస్పత్రికి గంట దాటకూడదు. ఈ హద్దులోకి రాని చోటు ఎంత అందంగా ఉన్నా, కుర్రాళ్ల బృందానికి, అదీ స్థానికుల తోడుతో అయితేనే సరిపోతుంది.

నిద్రకు మేలే

గుడారంలో గడపడం వల్ల ఒంటికి లాభం ఉంది. 2013లో అమెరికాలోని కొలరాడో విశ్వవిద్యాలయ పరిశోధకులు 8 మందిని వారం పాటు రాకీ పర్వతాల్లో ఉంచారు. కరెంటు దీపాల్లేవు, ఫోన్లు లేవు. పగలు ఎండ, రాత్రి నెగడు వెలుగే. వారం తిరిగేసరికి నిద్రకు సంకేతమిచ్చే మెలటోనిన్‌ హార్మోన్‌ వారి ఒంట్లో సుమారు 2 గంటలు ముందుగా విడుదలవడం మొదలైంది. చిన్న పరిశోధనే కానీ, సెలవుల్లో ఒంటిగంట దాకా ఫోన్‌ వదలని పిల్లలున్న ఇంటికి పనికొచ్చే సంగతి. ఇందుకు గుడారంలో ఫోన్‌ వెలగకూడదన్నది షరతు. ఇది పెద్దలకూ వర్తిస్తుంది!

మే నెలలో ఏ కొండ?

ఎత్తు ప్రతి 1,000 మీటర్లకూ గాలి వేడి సుమారు 6.5 డిగ్రీలు తగ్గుతుంది. అరకు లోయ సముద్ర మట్టానికి 900 మీటర్ల పైనే ఉంటుంది. అంటే విశాఖ కంటే ఐదారు డిగ్రీలు చల్లన. హార్స్‌లీ హిల్స్‌ దాదాపు 1,265 మీటర్లు. చిత్తూరు, కడప ఎండలకు భయపడే ఇళ్లకు అది మంచి ఎంపిక. వేడికి తాళలేక హార్స్‌లీ అనే బ్రిటిష్‌ అధికారి అక్కడ విడిది కట్టుకున్నాడు కాబట్టే ఆ పేరు. అంతకు ముందు అది ఏనుగు మల్లమ్మ కొండ. కింద మదనపల్లెలో ఆస్పత్రులున్నాయి, పైదాకా రోడ్డు ఉంది. మొదటిసారి గుడారం వేసే కుటుంబానికి ఇంతకంటే ఏం కావాలి?

మారేడుమిల్లి విషయంలో చాలామంది పొరబడతారు. దట్టమైన అడవి, వాగులు చూసి చల్లగా ఉంటుందనుకుంటారు. ఎత్తు తక్కువ కాబట్టి మే నెల పగళ్లు అక్కడా ఉక్కపోతే. లంబసింగి మంచు, వంజంగి మేఘాలు కూడా చలికాలపు ముచ్చట్లే. ఫొటోలు చూసి మే నెలలో వెళ్తే ఆ దృశ్యం దొరకదు. నల్లమలలో అయితే వేసవి అంటే ఎండిన గడ్డి, కార్చిచ్చుల కాలం. పైగా అది పులుల అభయారణ్యం. అటవీశాఖ చూపించిన విడిదిలో తప్ప రాత్రి ఎక్కడా ఉండటానికి లేదు.

ఈ మాట అన్ని అడవులకూ గుర్తుంచుకోవాలి. అభయారణ్యాల్లోకి అనుమతి లేకుండా వెళ్లడం 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం. అక్కడ మంట వేయడమూ నేరమే. ఏజెన్సీ ఊళ్ల పక్కన గుడారం వేయాలనుకుంటే ముందు ఊరి పెద్దనో, పంచాయతీ వాళ్లనో అడగాలి. ఇది మర్యాద కోసమే కాదు. ఏ గెడ్డ ఎప్పుడు పొంగుతుందో, ఎలుగుబంటి ఏ దారిన దిగుతుందో వాళ్లకే తెలుసు. ఆ ఊరి మనిషిని కూలి ఇచ్చి తోడు తీసుకెళ్తే ఆ డబ్బు దండగ కాదు.

మరి ఏకాంతం ఎలా? దానికి దట్టమైన అడవి అక్కర్లేదు. జనం శని, ఆదివారాలే వస్తారు. మంగళవారం వెళ్లి చూడండి, అదే కొండ మరోలా ఉంటుంది. రోడ్డు ఆగిన చోట నుంచి చాలామంది పది నిమిషాలకు మించి నడవరు. ఇరవై నిమిషాలు నడిస్తే చాలు, పాటల పెట్టెల మోత వినిపించదు. అటవీశాఖ, పర్యాటకశాఖ విడిదులు వారం మధ్యలో తరచూ ఖాళీగానే ఉంటాయి. అరకు దారిలోని టైడా అలాంటిదే. కాఫీ తోటల్లో గుడారాలు వేసుకోనిచ్చే చోట్లలోనూ మరుగుదొడ్డి, నీళ్లు, రాత్రి పిలిస్తే పలికే మనిషి... ఈ మూడూ ఉన్నాయో లేదో ఫోన్‌లో అడిగాకే డబ్బు కట్టండి.

నీళ్ల లెక్క

గుడారానికి చోటు కుదిరేది నీటి వల్లే. ఎండలో బరువుతో నడిచే మనిషికి గంటకు కనీసం అర లీటరు కావాలి. వంట, తాగడం కలిపితే మనిషికి రోజుకు 4, 5 లీటర్లకు తక్కువ కాదు. లీటరు నీళ్లంటే కిలో బరువు. నలుగురికి రెండు రోజుల నీళ్లు వీపున మోయడం అయ్యే పని కాదు. కాబట్టి దగ్గర్లో ఊట ఉండాలి, వేసవిలోనూ పారుతుండాలి. చలికాలంలో వెళ్లొచ్చిన మిత్రుడి మాట ఇక్కడ పనికిరాదు. మేలో ఆ గెడ్డ ఎండిపోయి ఉండొచ్చు.

ఊటనీరు స్వచ్ఛమని తాగేయకండి. పైన పశువులు తిరుగుతాయి. తేటగా వడగట్టి, తెర్లేలా మరిగించాలి. కనీసం ఒక నిమిషం కళపెళ మరగాలి. ఓఆర్‌ఎస్‌ ప్యాకెట్లు మనిషికి రెండైనా ఉంచుకోవాలి. ప్యాకెట్‌ మీద ఎన్ని నీళ్లని ఉంటే అన్ని నీళ్లలోనే కలపాలి. ‘కొంచెం చిక్కగా ఇస్తే త్వరగా తగ్గుతుంది’ అనుకోవడం పిల్లలకు ప్రమాదం. గిన్నెలు కడగడం, కాలకృత్యాలు గెడ్డకు కనీసం 60 మీటర్ల దూరంలో. దిగువన ఊళ్లు ఆ నీళ్లే తాగుతాయి.

మధ్యాహ్నం ఉరుము వినిపిస్తే...

తూర్పు కనుమల్లో వేసవి మధ్యాహ్నాలు ఉన్నట్టుండి మబ్బు పడుతుంది. గాలి, ఉరుములు, వాన. గుడారం పిడుగును ఆపలేదు. ఉరుము వినిపించిందంటే పిడుగు పడే దూరంలో ఉన్నట్టే. కొండ అంచు, ఒంటరి చెట్టు వదిలేసి పక్కా భవనంలోకి గానీ, అద్దాలెత్తిన కారులోకి గానీ వెళ్లాలి. చివరి ఉరుము తర్వాత అరగంట వరకు బయటికి రావొద్దు. పుణెలోని వాతావరణ పరిశోధన సంస్థ తయారు చేసిన ‘దామిని’ యాప్‌ పిడుగుల హెచ్చరిక ఇస్తుంది, సిగ్నల్‌ ఉంటే. నడక తెల్లవారుజామున మొదలుపెట్టి మధ్యాహ్నంలోగా ముగించడమే అసలు జాగ్రత్త.

గుడారాన్ని ఎండిన వాగు ఇసుక మీద అసలు వేయొద్దు. మెత్తగా, చదునుగా ఉంటుంది కాబట్టి అందరి కన్నూ దాని మీదే పడుతుంది. మన నెత్తిన చుక్క రాలకపోయినా పైన కొండల్లో కురిసిన వాన అరగంటలో అక్కడికి చేరుతుంది. జలాశయాలున్న నదుల్లో వాన కూడా అక్కర్లేదు. 2014 జూన్‌ 8న హిమాచల్‌లో బియాస్‌ నదిలో జరిగింది అదే. పైనున్న లార్జి డ్యామ్‌ నుంచి నీళ్లు వదలడంతో, రాళ్ల మీద నిలబడి ఫొటోలు దిగుతున్న హైదరాబాద్‌ ఇంజినీరింగ్‌ విద్యార్థులు 24 మంది కొట్టుకుపోయారు. మన సీలేరు, మాచ్‌ఖండ్‌ వైపు కూడా జలవిద్యుత్‌ కేంద్రాలున్నాయి. ఆ దిగువన నది మధ్య బండలు ఎంత పొడిగా కనిపించినా దిగకూడదు.

రాత్రి నేల మీద

కట్లపాము రాత్రిపూట తిరుగుతుంది, నేల మీద పడుకున్నవారిని నిద్రలో కాటేస్తుంది. చాలాసార్లు నొప్పి, వాపు ఉండవు. కాటు పడిందని కూడా తెలియదు. తెల్లారేసరికి కడుపునొప్పి, రెప్పలు వాలిపోవడం, మింగలేకపోవడం కనిపిస్తే పాము కాటును అనుమానించాల్సిందే. అందుకే కింద గుడ్డ కుట్టి ఉన్న గుడారమే తీసుకోండి. జిప్‌ ఎప్పుడూ మూసి ఉండాలి. బూట్లు లోపలే పెట్టుకుని, ఉదయం దులిపి వేసుకోవాలి. కాటు పడితే కోయడం, పీల్చడం, తాడుతో బిగించి కట్టడం ఏవీ చేయొద్దు. కాలో చెయ్యో కదలకుండా కర్రతో ఆధారమిచ్చి, నడిపించకుండా మోసుకెళ్లాలి. విరుగుడు మందు ఏ ఆస్పత్రిలో ఉందో బయల్దేరే ముందే 108కో, ఆ ఆస్పత్రికో ఫోన్‌ చేసి తెలుసుకుని కాగితం మీద రాసుకోండి.

వాన వచ్చిందని పొయ్యి గుడారం లోపలికి తేవద్దు. గ్యాస్‌ స్టవ్‌ అయినా, బొగ్గుల కుంపటి అయినా కార్బన్‌ మోనాక్సైడ్‌ వస్తుంది. దానికి వాసన ఉండదు, నిద్రలోనే ప్రాణం తీస్తుంది.

వీపున ఎంత?

పెద్దలు తమ బరువులో ఐదో వంతు, పిల్లలు పదో వంతుకు మించి మోయకూడదు. సంచి బరువు భుజాల మీద కాకుండా నడుము పట్టీ మీద ఆనాలి. నెల ముందు నుంచే నీళ్ల సీసాలు నింపిన సంచితో అపార్ట్‌మెంట్‌ మెట్లు ఎక్కి దిగండి. పక్కింటివాళ్లు నవ్వితే నవ్వనివ్వండి, దిగేటప్పుడు మోకాళ్లు మొరాయించకుండా ఉండేది ఆ సాధన వల్లే. గుండెజబ్బు, అదుపులో లేని మధుమేహం, ఆస్తమా ఉన్నవారు డాక్టరును కలిశాకే బయల్దేరాలి. ఇన్సులిన్‌ కారులో, ఎండలో వదిలేయొద్దు. తిండికి అటుకులు, సున్నుండలు, పల్లీపట్టీ చాలు. పులిహోర మొదటి పూటకే. ఏజెన్సీ ఊళ్లలో చోడి అంబలి దొరికితే వదలకండి. వేసవి కడుపుకు అంత హాయైనది ఇంకోటి లేదు.

సెలవుల్లో హిమాలయాలకు వెళ్లేవారికి లెక్క వేరు. 2,500 మీటర్లు దాటితే ఎవరికైనా తలనొప్పి, వాంతులు రావొచ్చు. వయసుతో, కసరత్తుతో సంబంధం లేదు. 3,000 మీటర్ల పైన పడుకునే ఎత్తు రోజుకు 500 మీటర్లకు మించి పెంచకూడదు. లక్షణాలు ముదిరితే మందు వేసుకుని పైకి వెళ్లడం కాదు, కిందికి దిగడమే వైద్యం.

ఇంటికొచ్చాక జ్వరమొస్తే

ఏజెన్సీలో మలేరియా ఇంకా ఉంది. దాన్ని మోసే దోమ సాయంత్రం నుంచి తెల్లవారే వరకు కుడుతుంది. పొద్దువాలక ముందే పొడుగు చేతుల చొక్కా, ప్యాంటు వేసుకుని, దోమల క్రీము రాసుకోవాలి. పొదల్లో, గడ్డిలో ఉండే చిన్న నల్లుల వల్ల స్క్రబ్‌ టైఫస్‌ వస్తుంది. సాయంత్రం స్నానం చేసేటప్పుడు పిల్లల చంకలు, గజ్జలు, నడుము మడతలు చూడాలి. కుట్టిన చోట సిగరెట్‌తో కాల్చినట్టు నల్లటి చెక్కు కడుతుంది. నొప్పి ఉండదు కాబట్టి ఎవరూ గమనించరు.

ఈ రెండు జబ్బులూ కొండ మీద బయటపడవు. స్క్రబ్‌ టైఫస్‌ సాధారణంగా వారం పది రోజులకు, ఒక్కోసారి మూడు వారాలకు వస్తుంది. మలేరియా వారం నుంచి నెల వరకు, కొన్నిసార్లు ఇంకా ఆలస్యంగానూ రావొచ్చు. అప్పటికి ప్రయాణం సంగతే మరచిపోయి ఉంటాం. ‘వైరల్‌ ఫీవరేలే’ అని పారాసిటమాల్‌ వేసుకుంటూ నాలుగు రోజులు గడిపేస్తాం. రెండింటికీ మంచి మందులున్నాయి, త్వరగా మొదలుపెడితే. తిరిగొచ్చిన రోజును క్యాలెండర్‌ మీద గుర్తు పెట్టుకోండి. ఆపై రెండు నెలల్లో ఇంట్లో ఎవరికి జ్వరం వచ్చినా ఆ రోజే రక్తపరీక్ష చేయించండి. ఫలానా తేదీన ఫలానా కొండ మీద పడుకున్నామని డాక్టరు అడగకపోయినా చెప్పండి.