పడవెక్కే ముందు... బుడ్డోడు ఎవరి చూపులో ఉన్నాడు?

సంక్రాంతి సెలవులకు కొడుకులు, కూతుళ్లు, మనవలు ఇంటికొస్తారు. ‘ఈసారి అందరం కలిసి పాపికొండలు చూసొద్దాం’ అన్న మాట లేస్తుంది. తాతకు మోకాళ్ల నొప్పులు, నానమ్మకు షుగరు, బుడ్డోడికి ఇంకా రెండేళ్లు నిండలేదు. మూడు తరాలను ఒకే పడవ ఎక్కించేటప్పుడు టికెట్ల కన్నా ముందు చూసుకోవాల్సినవి కొన్ని ఉన్నాయి.

ఏటూరునాగారం వాళ్లకు గోదావరి కొత్తేమీ కాదు. రామన్నగూడెం ఘాట్‌లో స్నానాలు చేశారు. ముల్లకట్ట వంతెన మీంచి వరదనూ చూశారు. కానీ ఒడ్డున నిలబడి నదిని చూడటం వేరు, ఏడాదిన్నర పిల్లాడిని వెంటేసుకుని పగలంతా పడవలో గడపడం వేరు.

2019 సెప్టెంబరు 15న కచ్చులూరు దగ్గర పర్యాటకుల పడవ మునిగి పదుల సంఖ్యలో చనిపోయారు. వారిలో వరంగల్ పక్కనున్న కడిపికొండ నుంచి వెళ్లినవాళ్లూ ఉన్నారు. ఆ రోజు నది వరద మీద ఉంది. అందుకే మొదటి నియమం ఇదే: వానాకాలం పోయి, వరద పూర్తిగా తగ్గి, అధికారులు అనుమతిచ్చిన రోజుల్లోనే వెళ్లాలి. సెలవు వృథా అవుతుందని మొండికెయ్యొద్దు.

అందరూ ఉన్నప్పుడే అజాగ్రత్త

పదిమంది ఉన్నారు కదా, పిల్లాడికి భయమేముంది అనుకుంటాం. అసలు ప్రమాదం అక్కడే ఉంది. తండ్రి ఫొటోలు తీస్తుంటాడు. తల్లి ‘అత్తయ్య దగ్గర ఉన్నాడులే’ అనుకుంటుంది. అత్తయ్యేమో ‘కొడుకు ఎత్తుకున్నాడులే’ అనుకుంటుంది. ఆ కాసేపట్లో బుడ్డోడు రెయిలింగ్ దగ్గరికి చేరతాడు.

నీళ్లలో పడిన పసివాడు సినిమాలో లాగా కేకలు వేయడు, చేతులు ఊపడు. చప్పుడు లేకుండా మునిగిపోతాడు. ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారం 2021లో సుమారు 3 లక్షల మంది నీట మునిగి చనిపోయారు. వారిలో దాదాపు నాలుగో వంతు అయిదేళ్లలోపు పిల్లలే.

మరి ఏం చేయాలి? కాపలాకు వంతులు వేసుకోండి. ఇరవై నిమిషాలకొకరు చొప్పున చాలు. వంతు మారేటప్పుడు ‘బుడ్డోడు ఇక నీ దగ్గర’ అని పైకి చెప్పాలి. తీసుకునేవారు ‘ఆ, నా దగ్గరే’ అని బదులివ్వాలి. ఆ ఇరవై నిమిషాలూ ఫోను జేబులోనే ఉండాలి, పిల్లాడు చేయి చాస్తే అందేంత దగ్గరలో ఉండాలి.

నానమ్మను మాత్రం ఒంటరి కాపలాదారుని చేయకండి. ఆమె ఒడిలో కూర్చోబెట్టుకుని కథలు చెప్పగలదు. కానీ వాడు పరుగందుకుంటే ఆ మోకాళ్లతో వెంటపడలేదు. పిల్లాడికి ఒకరు ఉన్నట్టే, తాత, నానమ్మల కోసం కూడా ఒకరిని ప్రత్యేకంగా కేటాయించండి. పడవ ఎక్కేటప్పుడు, దిగేటప్పుడు, టాయ్‌లెట్‌కు వెళ్లేటప్పుడు వాళ్ల చేయి పట్టుకోవడమే ఆ మనిషి పని. పెద్దవాళ్లు జారిపడేది ఎక్కువగా అప్పుడే.

జాకెట్ సరిపోతేనే ప్రయాణం

• పెద్దవాళ్ల లైఫ్ జాకెట్‌ను పసివాడికి చుట్టబెడితే రక్షణ ఉండదు. నీళ్లలో అది పైకి తేలిపోతుంది, పిల్లాడు కిందికి జారిపోతాడు.

• పిల్లల జాకెట్ బరువును బట్టి ఎంచుకోవాలి. తలకు ఆసరాగా వెనక కాలరు, కాళ్ల మధ్య నుంచి వచ్చే పట్టీ ఉండాలి. తొడిగాక భుజాల దగ్గర పట్టుకుని పైకి లాగి చూడండి. గడ్డం, చెవులు లోపలికి జారిపోతే అది వదులైనట్టే.

• బుక్ చేసేటప్పుడే ‘రెండేళ్ల పిల్లాడికి సరిపోయే జాకెట్ ఉందా?’ అని అడగండి. లేకపోతే మీరే కొని తీసుకెళ్లండి. గాలి నింపే చేతి పట్టీలు బొమ్మలే, రక్షణకు పనికిరావు.

• పడవలో కాలు పెట్టినప్పటి నుంచి ఒడ్డున దిగేదాకా జాకెట్లు అందరి ఒంటి మీదా ఉండాలి. భోజనాలప్పుడూ విప్పొద్దు. తాత వేసుకుంటేనే మనవడూ వేసుకుంటాడు.

నీళ్లు మానేసే పెద్దలు

ప్రయాణమనగానే చాలామంది పెద్దవాళ్లు నీళ్లు తాగడం తగ్గించేస్తారు. టాయ్‌లెట్ ఎలా ఉంటుందో, ఎవరిని అడగాలో అని మొహమాటం. దాంతో ఒంట్లో నీరు తగ్గి కళ్లు తిరుగుతాయి, మూత్రంలో ఇన్ఫెక్షన్ వస్తుంది. పడవలో టాయ్‌లెట్ ఎక్కడుందో ఎక్కగానే చూపించండి. అప్పుడు వాళ్లే నీళ్లు అడుగుతారు. బీపీ కోసం మూత్రం ఎక్కువగా వచ్చే మాత్ర వాడుతుంటే, ఆ రోజు ఎప్పుడు వేసుకోవాలో ముందే డాక్టరును అడగండి.

షుగరు ఉన్నవాళ్లకు భోజనం ఆలస్యమవడమే ముప్పు. భోజనానికి ముందు వేసుకునే మాత్ర, ఇన్సులిన్ ప్లేటు చేతికొచ్చాకే తీసుకోవాలి. చెమటలు పట్టి, చేతులు వణికి, మాట తడబడితే వెంటనే మూడు చెంచాల గ్లూకోజు గానీ చక్కెర గానీ నీళ్లలో కలిపి తాగించండి. స్పృహ తప్పితే నోట్లో ఏమీ పోయొద్దు.

బుడ్డోడి తిండి, వికారం

మెత్తగా కలిపిన పప్పన్నం, ఇడ్లీ, అరటిపండు చాలు. వండిన అన్నం నాలుగైదు గంటలు సంచిలో ఉంటే పెట్టకండి. పల్లీలు, శనగలు, బటాణీలు నాలుగేళ్లు దాటేదాకా వద్దు. ఊగే పడవలో, నవ్వుల మధ్య అవి శ్వాసనాళంలోకి జారిపోతాయి. ద్రాక్షపండును నిలువుగా నాలుగు ముక్కలు చేయాలి. ఈ మాట తాతకు కూడా చెప్పండి. జేబులోంచి పల్లీలు తీసి పెట్టేది ఆయనే!

కడుపులో తిప్పినట్టుంటే పడవ మధ్యలో కూర్చుని దూరంగా కొండల వైపు చూడాలి. వాంతులు రాకుండా వేసుకునే మాత్రలు రెండేళ్లలోపు పిల్లలకు సొంతంగా ఇవ్వకూడదు. ప్రొస్టేట్ సమస్య, నీటికాసులు ఉన్న పెద్దలకూ డాక్టరు చెప్పకుండా వద్దు. మత్తు, తడబాటు, మూత్రం బిగుసుకోవడం లాంటి ఇబ్బందులు రావచ్చు.

దారి దూరం... రాత్రి ఆగండి

మంగపేట, మణుగూరు మీదుగా భద్రాచలం, అక్కడి నుంచి కూనవరం, వీఆర్ పురం దాటి పోచవరం రేవు. అంతా ఒకే తెల్లవారుజామున లాగిస్తే పడవ ఎక్కేసరికే పిల్లాడు, పెద్దలు అలసిపోతారు. ముందు రోజే బయల్దేరి రాత్రి భద్రాచలంలో పడుకోండి. రెండు గంటలకోసారి కారు ఆపి పెద్దవాళ్లను నాలుగడుగులు నడిపించండి. భద్రాచలం దాటాక పెద్దాసుపత్రి దొరకడం కష్టం. కొండల మధ్య ఫోను సిగ్నలూ ఉండకపోవచ్చు. ఎవరికైనా జ్వరం, ఆయాసం, ఛాతీనొప్పి ఉంటే అక్కడే ఆగిపోవడం మేలు.

సంచిలో ఇవి ఉన్నాయా?

• మందులు రెండు రోజులకు సరిపడా ఎక్కువ, మందుల చీటీల కాపీలు
• ఓఆర్ఎస్ ప్యాకెట్లు (ప్యాకెట్ మీద ఎన్ని నీళ్లని ఉంటే అన్నీ కలపాలి, సగం సగం వద్దు)
• జ్వరానికి పిల్లల డాక్టరు రాసిన సిరప్, డోసు రాసిన కాగితం
• గ్లూకోజు పొడి, కాచి చల్లార్చిన నీళ్లు
• పొద్దుటి చలికి స్వెట్టరు, మధ్యాహ్నపు ఎండకు టోపీ
• రెండు జతల పొడి బట్టలు

పొరపాటున నీళ్లలో పడితే...

బయటికి తీశాక తలకిందులుగా పట్టుకుని తిప్పొద్దు, పొట్ట నొక్కొద్దు. ఊపిరి ఆడకపోతే నోటితో రెండుసార్లు శ్వాస ఇచ్చి, ఛాతీ మధ్యలో 30 సార్లు నొక్కాలి. మళ్లీ రెండు శ్వాసలు, మళ్లీ 30 నొక్కులు. సాయం అందేదాకా ఆపొద్దు. దగ్గి తేరుకున్నా సరే, ఆసుపత్రిలో చూపించాల్సిందే. 108కి ఫోన్ చేయండి.

తిరిగొచ్చాక జ్వరమా?

మన ఏజెన్సీకి మలేరియా పాత పరిచయమే. పిల్లాడికి నిండు చేతుల చొక్కా వేయండి, రాత్రి దోమతెర కట్టండి. వచ్చిన నెలలోపు ఎవరికి జ్వరం వచ్చినా ఎక్కడికి వెళ్లొచ్చారో డాక్టరుకు చెప్పి, ఆ రోజే రక్తపరీక్ష చేయించండి.

ఇవన్నీ చదివి జంకుతున్నారా? అయితే ముందు తాడ్వాయి, పస్రా మీదుగా లక్నవరం వెళ్లండి. అక్కడ అరగంట పడవెక్కండి. బుడ్డోడు జాకెట్ ఉంచుకుంటాడో లేదో, తాత మెట్లు దిగగలరో లేదో, మీ వంతుల కాపలా నిలుస్తుందో లేదో ఆ అరగంటే చెప్పేస్తుంది. అక్కడ కుదిరితే పాపికొండలకు బయల్దేరండి. కుదరకపోతే వచ్చే ఏడాది చూద్దాం. గోదావరి ఎక్కడికీ పోదు.